ఫ్రిజ్‌లోంచి తీసిచ్చిన ‘ఓఆర్‌ఎస్’

2024 మే నెల. మూడేళ్ల కొడుకుని తీసుకుని చెల్లి సెలవులకి శాలిబండలోని మా ఇంటికి వచ్చింది. రెండోరోజు పొద్దున వాడికి విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఆరుసార్లు. ఇంట్లో ఫోన్ చూసి అన్నీ చెప్పేది నేనే కదా! “ఓఆర్‌ఎస్ తాపిస్తే అయిపోతది” అని మెడికల్ షాపుకి పరిగెత్తాను. ఓఆర్‌ఎస్ అనే అడిగాను. ఫ్రిజ్‌లోంచి చల్లటి టెట్రాప్యాక్‌లు రెండు తీసిచ్చారు. ఆరెంజ్ పండు బొమ్మ, పేరులో పెద్దగా ఆ మూడక్షరాలు. వాడికి భలే నచ్చింది, రెండూ గటగటా తాగేశాడు.

సాయంత్రానికి విరేచనాలు తగ్గకపోగా ఇంకా నీళ్లలా అయ్యాయి. వాడు ఏడుస్తున్నాడు గానీ కంట్లోంచి చుక్క రావట్లేదు. అది గమనించింది మేం కాదు, పక్కింటి ఖాలా. “బేటా, వీడు ఒంటికి ఎప్పుడు పోయిండు?” అంది. పొద్దున్నుంచి పోలేదని అప్పుడుగానీ మాకు తట్టలేదు.

గల్లీ చివర క్లినిక్‌లో డాక్టరు వాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. మామూలుగా అది చటుక్కున సర్దుకోవాలి. వాడిది మెల్లగా సర్దుకుంది. “ఏం తాపించిన్రు?” అన్నారు. గర్వంగానే ఖాళీ ప్యాక్ చూపించాను. ఆయన దాన్ని తిప్పి వెనకున్న సన్నటి అక్షరాలు నా ముందు పెట్టారు. ఫోన్‌తో జూమ్ చేసి చదివాను. ఓఆర్‌ఎస్ కాదని అక్కడ రాసే ఉంది!

అసలు ఓఆర్‌ఎస్‌లో ఏముంటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, కాస్త పొటాషియం, కాస్త సిట్రేట్. అంతే. ఇందులో గ్లూకోజ్ రుచి కోసం కాదు. విరేచనాలప్పుడు పేగు గోడ నీళ్లనీ ఉప్పునీ బయటికి వదిలేస్తుంటుంది, కానీ ఒక తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. గ్లూకోజ్, ఉప్పులోని సోడియం జంటగా వస్తే ఆ తలుపు రెండింటినీ లోపలికి తీసుకుంటుంది. వాటి వెనకే నీళ్లు వెళ్తాయి. అందుకే కొలత ముఖ్యం. చక్కెర ఎక్కువైతే కథ తిరగబడుతుంది. ఆ చక్కెరే ఒంట్లోంచి నీళ్లని పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. అప్పట్లో ఆ పేరుతో అమ్మిన కొన్ని డ్రింకుల్లో చక్కెర లీటరుకి వంద గ్రాములు దాటి ఉండేది. మావాడికి ఎక్కువవడానికి అదొక్కటే కారణమని నేననను. పనికొచ్చేది మాత్రం కాదు.

ఈ సాదా పొడి గొప్పతనం లోకానికి తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో బెంగాల్‌లోని బన్‌గావ్ నిండిపోయింది. కలరా అంటుకుంది. సెలైన్ బాటిళ్లు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల చుట్టాలే ముంచి తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి పడిపోయాయి.

అలాంటి దాని పేరు జ్యూస్ డబ్బాల మీదికెక్కితే ఊరుకోనిది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్. దాదాపు ఎనిమిదేళ్లు కొట్లాడారు, తెలంగాణ హైకోర్టుకీ వెళ్లారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలిచ్చింది: డ్రింకుల పేరులో ముందూ వెనకా ఎక్కడా ‘ఓఆర్‌ఎస్’ ఉండకూడదని. అయినా షాపులో “పొడి ప్యాకెట్, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాది” అనే అడగండి.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నీ ఒకేసారి కలపాలి. పెద్దది లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. ఈ రోజు కలిపింది రేపటికి పనికిరాదు. మందు అర్ధరాత్రి దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, కొలిచి, తలగొట్టి వేయాలి. పిల్లలకైతే డాక్టరు జింక్ కూడా రాస్తారు, 14 రోజులు. మధ్యలో మానొద్దు. తల్లిపాలు, తిండి ఆపొద్దు. పిల్లాడు మగతగా పడుండి తాగలేకపోతున్నా, కళ్లు లోపలికి పోయినా, మలంలో రక్తం కనిపించినా చెంచాలతో టైం వేస్ట్ చేయకండి. అప్పుడు ఆస్పత్రికి పరుగే. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని మా అమ్మమ్మ వాళ్లు ‘కోరంటి దవాఖాన’ అనేవాళ్లు. క్వారంటైన్ అన్న మాటే అలా అయింది. కలరా రోజుల్లో ఆ పేరు వింటేనే వణికేవాళ్లట.

మావాడింకా తాగగలుగుతున్నాడు కాబట్టి డాక్టరు ఇంటికే పంపారు. మొదటి గ్లాసు నేను పట్టుకుంటే వాడు గడగడా తాగి మొత్తం కక్కేశాడు. నాకు చేతులాడలేదు. ఖాలా గ్లాసు లాక్కుంది. “పది నిమిషాలు ఆగు. చెంచాతో తాపియ్యాలె, నిమిషానికోటి.” రుచి నచ్చక వాడు మొహం తిప్పేస్తుంటే, ఆమె తన దుపట్టా అంచుతో మూతి తుడుస్తూ, చెంచా చెంచాకీ ఏదో పాడుతూ కూర్చుంది. చార్మినార్ బొమ్మలన్నీ చూపించాం, కార్టూన్లు అయిపోయాయి, నా ఫోన్ చార్జింగ్ కూడా అయిపోయింది.

రాత్రి పదకొండింటికి వాడు లేచి నిలబడి, మా అమ్మ కొత్త చాప మీద ఒంటికి పోశాడు. చెల్లి ఇల్లంతా వినబడేలా అరిచింది. చాప గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు.