నవ్వే దెయ్యాల సంత

దెయ్యం కనిపిస్తే ఎవరైనా పరుగు లంకించుకుంటారు. కానీ ఆ దెయ్యాల కోసమే పొద్దున్నే వచ్చి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, మడత కుర్చీ వెంట తెచ్చుకుని మరీ లైను కట్టేవాళ్లూ ఉన్నారు! తలుపులు తెరిచేసరికి తమకు నచ్చిన మంత్రగత్తెనో, నల్లపిల్లినో ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని వాళ్ల బెంగ. అమెరికాలో హాలోవీన్‌కు ముందు జరిగే చేతిబొమ్మల ప్రదర్శనల్లో ఇది మామూలే.

అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు రకరకాల వేషాలు కట్టి, ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు పోగుచేసుకునే పండగ హాలోవీన్‌. కొడుకో కూతురో అక్కడుంటే, ఎముకలగూడు వేషంలో ఉన్న మనవడి ఫొటో ఆ రాత్రికే ఇక్కడి తాతయ్య ఫోనుకు చేరిపోతుంది. వ్యాపారమూ చిన్నదేం కాదు. 2023లో ఈ పండక్కి అమెరికన్లు 1,220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని అక్కడి రిటైల్‌ వ్యాపారుల జాతీయ సమాఖ్య అంచనా వేసింది. ప్లాస్టిక్‌ అస్థిపంజరాలు, బ్యాటరీ వేస్తే కెవ్వుమనే పుర్రెలు, రబ్బరు ముసుగులు... దుకాణాల నిండా అవే. వాటి పక్కనే, ఒక్కో బొమ్మనూ చేత్తో చేసి ఏడాదికోసారి అమ్ముకునే సంత కూడా ఒకటుంది.

మిషిగన్‌ రాష్ట్రంలో ఆన్‌ ఆర్బర్‌కు దగ్గర్లోని చెల్సీ చిన్న ఊరు. 'ఘూల్‌టైడ్‌ గ్యాదరింగ్‌' అనే ప్రదర్శన వల్ల ఈ బొమ్మల ప్రేమికులందరికీ ఆ పేరు తెలిసింది. అటు కాలిఫోర్నియాలో పెటలూమా అనే ఊరు. ఒకప్పుడు కోడిగుడ్లకు ప్రపంచ రాజధానినని గొప్పలు చెప్పుకున్న ఊరది. అక్కడ జరిగిన 'హాలోవీన్‌ అండ్‌ వైన్‌' ప్రదర్శనకూ అంతే పేరు (ఈ వైన్‌ మందు కాదులెండి, తీగ). పని చూసి ఎంపిక చేసినవాళ్లకే ఇలాంటిచోట్ల బల్ల దొరుకుతుంది. నెలల తరబడి చేసిన బొమ్మలన్నీ ఆ ఒక్క బల్లమీద సర్దుకోవాలి. ఒకటీ రెండు రోజుల్లో అమ్ముడుపోతే పోయినట్టు. నవంబరు ఒకటో తారీఖున గుమ్మడికాయ మొహాన్ని అడిగేవాడుండడు!

బల్లల మీదున్నవి చూసి జడుసుకునేవాళ్లు మాత్రం కనిపించరు. చొక్కా వేసుకుని నిలబడ్డ నల్లపిల్లి, బుగ్గలు ఉబ్బించిన చందమామ, మెడకు ముడతల కాగితం కట్టుకున్న గుమ్మడితల కుర్రాడు, బోసినోటి మంత్రగత్తె. అందరి మొహాల్లోనూ కొంటె నవ్వే.

ఆ నవ్వుకు నూరేళ్లు దాటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని తురింగియా ప్రాంతం బొమ్మలకు పెట్టింది పేరు. అక్కడి సోనెబెర్గ్‌ చుట్టుపక్కల ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితపు గుజ్జును అచ్చుల్లో పోసి, ఎండబెట్టి, రంగులు అద్దేవారు. అమెరికా హాలోవీన్‌ కోసం లాంతర్లు, మిఠాయి దాచుకునే బొమ్మలు జర్మనీ నుంచి ఓడలెక్కి వెళ్లేవి. కళ్లకూ నోటికీ వెనకవైపు పల్చటి రంగు కాగితం అంటించి, లోపల కొవ్వొత్తి వెలిగించడమే ఆ లాంతరు కిటుకు. పిల్లలు ఒక్క రాత్రి ఆడుకుని పారేసే సరుకది. కొన్ని కొవ్వొత్తికే కాలిపోయాయి. కొన్ని తడిసి మెత్తబడ్డాయి. చెత్తకుప్పలో చేరినవెన్నో. అన్నీ పోగా మిగిలినవాటికే ఇప్పుడు వేలంలో వందల డాలర్లు, ఒక్కోసారి వేలూ పలుకుతున్నాయి.

అమెరికా కంపెనీలూ ఊరుకోలేదు. మసాచుసెట్స్‌కు చెందిన డెనిసన్‌ కంపెనీ ముడతల కాగితంతో ఇల్లు ఎలా అలంకరించుకోవాలో చెబుతూ 1909లో 'బోగీ బుక్‌' అనే చిన్న పుస్తకం వేసింది. పెన్సిల్వేనియాలోని బీసిల్‌ కంపెనీ విప్పితే తేనెపట్టులా విచ్చుకునే కాగితపు బొమ్మలు చేసింది. ఇప్పటి కళాకారులకు పాఠ్యపుస్తకాలు ఇవే.

అంతకు ముందు మాత్రం ఈ మొహం నవ్వేది కాదు. ఐర్లండ్‌ పల్లెల్లో టర్నిప్‌ దుంపను తొలిచి లాంతరు చేసేవారు. డోనెగాల్‌ ప్రాంతానికి చెందిన అలాంటి దుంపను ఓ బడి టీచరు 1943లో ఐర్లండ్‌ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. అది శిథిలమైపోతుండటంతో మ్యూజియంవాళ్లు ప్లాస్టర్‌తో అచ్చు తీసి పెట్టారు. గుంటకళ్లు, పళ్లికిలించిన నోరు... పెద్దవాళ్లకైనా గుండె గుభేలుమంటుంది. ఐర్లండ్‌ నుంచి వలస వెళ్లినవాళ్లకు అమెరికాలో దుంపకన్నా పెద్దదీ, తొలవడానికి తేలికైనదీ గుమ్మడికాయ దొరికింది. అలా మారింది వేషం. గుమ్మడికాయకు మొహం పెట్టడం మనకూ తెలిసిందే కదా! కొత్తింటి ముందు మీసాలూ కోరలూ గీసిన బూడిదగుమ్మడికాయ వేలాడదీస్తాం. మనది దిష్టిని అటే పొమ్మంటుంది. వాళ్లది పిల్లల్ని ఇటు రమ్మంటుంది.

ఇక బొమ్మ పుట్టేది వంటింటి బల్లమీదో, కారు షెడ్డులోనో. వీళ్లలో చాలామంది ఏ కళాశాలలోనూ చదవకుండా సొంతంగా నేర్చుకున్నవాళ్లే. ముందు ఇనుప తీగ వంచి, అల్యూమినియం రేకు నలిపి చుట్టి, శరీరానికి ఓ ఆకారం తెస్తారు. పాత న్యూస్‌పేపరును పీలికలుగా చింపి, జిగురులో ముంచి, పొరమీద పొర అంటిస్తారు. మన దగ్గర సినిమా పోస్టర్లకు వాడే మైదా జిగురులాంటిదే చాలామందికి సరిపోతుంది. ఒక పొర ఆరాకే ఇంకో పొర. తొందరపడితే పైకి ఎండినట్టే ఉండి లోపల బూజు పడుతుంది. ముక్కు, బుగ్గలు, గడ్డం కాగితపు బంకమట్టితో తీరుస్తారు. అది మరీ మందంగా పెడితే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్దడం, తెల్లరంగు పూత, దానిమీద అసలు రంగులు. కంట్లో నల్లచుక్క వెంట్రుకవాసి పక్కకు పడిందా... మంత్రగత్తెకు మెల్లకన్ను!

అన్నీ అయ్యాక అసలు విచిత్రం మొదలవుతుంది. కొత్త బొమ్మను పాతదాన్ని చేస్తారు. గోధుమరంగు పూసి, గుడ్డతో తుడిచేస్తే ముడతల్లో కొంత మిగిలి ఏళ్లనాటి మాసినతనం వస్తుంది. అంచుల దగ్గర రంగు కాస్త చెరిపేస్తే పిల్లలు ఆడుకుని అరిగిపోయినట్టు ఉంటుంది. మంచి చేతుల్లో ఇది అందమే. అతి చేస్తే మాత్రం బొమ్మ పాతదిలా కాదు, మురికిదిలా కనిపిస్తుంది. ఈ పొరపాటు చేసేవాళ్లు తక్కువేం లేరు.

ఇంత పనికీ ధర ఎంత పెట్టాలి? ప్రదర్శనకు వచ్చే కళాకారులకు దెయ్యాలకన్నా భయపెట్టే ప్రశ్న ఇదే. ఓ లాంతరుకు ఇరవై గంటలు పట్టిందనుకుందాం. రెండొందల డాలర్ల చీటీ తగిలిస్తే గంటకు పది డాలర్లు. అందులోంచి రంగులు, బల్ల అద్దె, పెట్రోలు, రాత్రి బసకు హోటల్‌ గది ఖర్చు తీసేయాలి. కాలిఫోర్నియాలో 2025లో కనీస వేతనమే గంటకు పదహారున్నర డాలర్లు! అంటే హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లకు వచ్చినంత కూడా రాదన్నమాట. ధర పెంచుదామంటే, పక్క వీధి దుకాణంలో ఇరవై డాలర్లకే నవ్వే గుమ్మడికాయ. చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి బల్లముందు నిలబడి 'కాగితమే కదా!' అనేసి వెళ్లిపోతాడు. ఆయన్ని తిట్టుకునే ముందు, తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో కాళ్లూచేతులూ అతికిన కొండపల్లి బొమ్మ దగ్గర మనం ఆడే బేరాన్నీ గుర్తుచేసుకోవాలి.

మరో భయం నకళ్లది. ఫొటో నెట్‌లో పెడితేనే కొనేవాళ్లకు తెలుస్తుంది. కానీ పెట్టిన మొహాన్నే ఎవరైనా రెసిన్‌లో అచ్చు పోసి వేలకొద్దీ అమ్మేస్తే? చెక్కిన రూపానికి చట్టంలో కాపీరైటు ఉంది, శైలికి లేదు. గుండ్రటి నారింజ రంగు మొహం ఏ ఒక్కరి సొత్తూ కాదు కదా. ఈ బాధ పడలేక కొందరు తమ నమూనాలను కంపెనీలకే ఇచ్చి రాయల్టీ పుచ్చుకుంటున్నారు. అందులో తప్పేం లేదు, ఇల్లు గడవాలి. అయితే దుకాణంలో దొరికే ఆ బొమ్మ కోసం తెల్లవారుజామున ఎవరూ లైను కట్టరు.

ఆ లైనులోవాళ్లు లోపలికి వచ్చిన తొలి గంటే అసలు గంట. ఒకే పిల్లి మీద ఇద్దరి చేతులు పడితే 'ముందు నేను చూశా', 'ముందు నేను పట్టుకున్నా' అని చంటిపిల్లల్లా తగువు! మధ్యాహ్నానికి ఒక బల్ల ఖాళీ అవుతుంది. దాని పక్క బల్లమీద బొమ్మలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. అక్కడ కూర్చున్న మనిషి మాత్రం వచ్చేపోయేవాళ్లను నవ్వుతూ పలకరిస్తూనే ఉండాలి. 2020లో కరోనా వచ్చి చాలా ప్రదర్శనలు ఆగిపోయినప్పుడు ఆ కాస్త పలకరింపూ లేకుండా పోయింది. బొమ్మల్ని ఫొటోలు తీసి ఇంటి నుంచే అమ్ముకోవాల్సి వచ్చింది.

చెల్సీకి ఎంతో దూరం లేని నోవై, కాంటన్‌ ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎక్కువే. దసరా కొలువు మెట్లమీంచి బొమ్మల్ని దించి సర్దిన కొద్దిరోజులకే ఆ ఇళ్ల వాకిట్లో గుమ్మడికాయలు వెలుగుతాయి. అమ్మమ్మ ఇచ్చిన బొమ్మ రంగు పోయినా కొలువులో దాని చోటు దానిదే. ఆ సంగతి తెలిసిన ఇల్లాలికి, నూరేళ్లనాటి కాగితపు లాంతరు కోసం వందల డాలర్లు ఎందుకు పోస్తారో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ప్రదర్శనల్లో అలవాటైన కొనుగోలుదారు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. బొమ్మ చేతిలోకి రాగానే మొహం కన్నా ముందు తలకిందులు చేసి అడుగు చూస్తారు. చేసినవారి సంతకం, సంవత్సరం అక్కడే ఉంటాయి. ఇన్నేళ్ల తర్వాత ఎవరూ దీన్ని పాత జర్మన్‌ సరుకని అమ్మకుండా ఆ సంవత్సరం ఓ కట్టడి. పాత జర్మన్‌ లాంతర్ల అడుగున మాత్రం, ముద్ర ఉన్నచోట, 'జర్మనీ' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. తురింగియా ఇళ్లల్లో రాత్రిళ్లు కూర్చుని వాటికి కళ్లు దిద్దిన ఆడవాళ్ల పేర్లు, పిల్లల పేర్లు ఎక్కడా లేవు.