ట్రాక్టరుకు తలంటు

మనుషుల తలంటుకు మన పెద్దలు వారాలూ పండుగలూ చూసిపెట్టారు. ట్రాక్టరు తలంటుకు వారమూ లేదు, వర్జ్యమూ లేదు. దానికి గంటలే లెక్క. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపించే చిన్న మీటరు ఒకటి స్టీరింగు ఎదురుగా ఉంటుంది. కారుకు కిలోమీటర్లు ఎలాగో, ట్రాక్టరుకు ఈ గంటలు అలాగ. అయినా డీజిలు ముల్లును చూసినంత శ్రద్ధగా ఈ గంటల అంకెను చూసే యజమాని ఎక్కడో ఒకడు కనిపిస్తాడు.

పెద్ద ట్రాక్టర్ల మాట నేను ఎత్తడం లేదు. వాటికి డ్రైవర్లున్నారు, వాటి మీద బ్రతికే షెడ్లున్నాయి. నేను చెప్పబోయేది మినీ ట్రాక్టరు సంగతి. 15 నుంచి 30 హార్స్ పవర్ లోపు బండి. (1974లో మన దేశపు రూపకల్పనతోనే పంజాబులో తయారైన స్వరాజ్ 724 కూడా ఈ కొలతలోదే. ఆనాడు అది నిండు ట్రాక్టరు. ఇవాళ మినీ అంటున్నాం!) గూడూరు ప్రాంతపు నిమ్మతోటల్లో చూడండి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎంత జాగా వదిలి నాటినా, కొన్నేళ్లకు కొమ్మలు నేలకు వంగి, ముళ్లు చాచి దారి మూసేస్తాయి. అందులోకి పెద్ద బండి పోతే చెట్టుకూ నష్టమే, తోలేవాడి చొక్కాకూ నష్టమే. ఈ పొట్టి బండి అయితే వంగి దూరినట్టు దూరి, కలుపు దున్ని, మందు కొట్టి బయటికి వస్తుంది. అందుకే ఉద్యోగం పట్నంలోనూ నాలుగైదెకరాలు ఊళ్లోనూ ఉన్న సంసారాలకు ఇది బాగా అచ్చివచ్చింది.

అయితే పిల్ల పెళ్లికి చేసినన్ని ఆలోచనలు చేసి, బ్యాంకులో అప్పు తీసి కొన్న ఈ బండి కడుపులో ఏం పోస్తున్నారో, ఏం తీస్తున్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. "మెకానిక్కు చూసుకుంటాడు లెండి" అంటారు. ఆయిలూ ఫిల్టర్లూ మార్చుకోవడం ఇంటివాళ్లే నేర్చుకోవాలని నేననేది కూలి డబ్బు మిగులుతుందని కాదు. మిగిలేది కొంచెమే. ఆ పాత ఆయిలును ఎవరు వంచుతారో వాళ్లకే బండి లోపలి కబురు తెలుస్తుంది. మెకానిక్కు వంచితే ఆ కబురు అతని డ్రమ్ములో కలిసిపోతుంది.

మా అక్కయ్యావాళ్లది గూడూరు దగ్గర పల్లె. నాలుగెకరాల నిమ్మ, దిగువన మూడెకరాల వరి. బండి కొన్నాక ఉచిత సర్వీసులన్నీ డీలరు దగ్గరే చేయించారు. అవి అయిపోయాక దగ్గరలో ఉన్నదని ఒక షెడ్డుకు తోలుకుపోయి, ఆయిలుకింత, ఫిల్టరుకింత, కూలికింత అని రెండుసార్లు డబ్బు చెల్లించారు. మూడోసారికి సంక్రాంతి వచ్చిపడి షెడ్డు మూసి ఉన్నది. బావగారు మాన్యువలు ముందు పెట్టుకొని తామే బండి కిందికి దిగారు. ఫిల్టరు ఊడదీసి గుడ్డతో తుడిస్తే దాని మీద మార్కరుతో వ్రాసిన తేదీ ఒకటి బయటపడింది. డీలరు దగ్గర చివరి సర్వీసు జరిగిన తేదీ అది! అక్కయ్య పద్దుల పుస్తకం తెచ్చి చూసింది. ఆ తరువాత రెండు కొత్త ఫిల్టర్లకు డబ్బు ఇచ్చినట్టు స్పష్టంగా వ్రాసి ఉన్నది.

"ఏమండీ, ఫిల్టర్లు రెండు కొన్నాం. బండికి ఒక్కటీ ఎక్కలేదు" అన్నదట అక్కయ్య. బావగారు జవాబు చెప్పకుండా ఆ పాత ఫిల్టరును అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నారట. "డబ్బు పోతే పోయిందిరా తమ్ముడూ, ఇన్నాళ్లూ అది ఏ మురికి తాగిందో తలచుకుంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు" అని నాతో చెప్పింది.

మీరడగవచ్చు, ఫిల్టరు మూసుకుపోతే బండి మొరాయించదా అని. మొరాయించదు. అక్కడే ఉన్నది చిక్కంతా. ఇంజనులో ఆయిలు ఒక్క నిమిషం ఆగినా లోపలి బేరింగులు పట్టేస్తాయి. అందుకని తయారుచేసినవాళ్లు ఒక దొడ్డిదారి పెట్టారు. ఫిల్టరు మురికితో నిండిపోతే ఒక చిన్న వాల్వు తెరుచుకొని, వడపోత లేకుండానే ఆయిలును లోపలికి వదులుతుంది. చమురు లేక చావడంకన్నా మురికి చమురుతో బ్రతకడం మేలని వాళ్ల ఉద్దేశం. బండి నడుస్తూనే ఉంటుంది, దీపం వెలగదు, శబ్దం రాదు. లోపల మాత్రం బేరింగుల మీద ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టు అరుగుదల సాగుతూ ఉంటుంది. ఈ ఫిల్టరు సదుపాయం ఇంజన్లకు మొదటినుంచీ లేదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ మోటారు బండ్లకు ఆయిలు ఫిల్టరు కనిపెట్టి దానికి ప్యూరొలేటర్ అని పేరు పెట్టాడు.

ఇక పని పద్ధతి. ఎన్ని గంటలకు మార్చాలో మీ బండి మాన్యువలులో ఉంటుంది. ఆ మాటే వేదం. కొత్త బండికి సాధారణంగా మొదటి 50 గంటలకు ఒకసారి, తరువాత 200, 250 గంటలకు ఒకసారి వస్తుంది. కొత్తలో తొందరగా ఎందుకంటే, కొత్త భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని రాలిన లోహపు పొడి అంతా ఆ మొదటి ఆయిలులోనే ఉంటుంది.

బండిని చదునైన నేల మీద నిలిపి, వెనక ఉన్న రోటావేటరునో గుంటకనో నేలకు దించి, బ్రేకు వేసి, తాళం తీసి జేబులో వేసుకోండి. పైకి లేపిన పనిముట్టు కిందికి ఎవరూ తల పెట్టరాదు. అది హైడ్రాలిక్కు ఆయిలు మీద నిలబడి ఉన్నది గాని ఇనుప కమ్మీ మీద కాదు. అంతకుముందు ఇంజను పది నిమిషాలు తిప్పి ఉండాలి. గోరువెచ్చని ఆయిలు మురికినంతా తనతో తీసుకొని దిగుతుంది. చల్లారితే మురికి అడుగున నిలిచిపోతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి. చాంబరు కింద బేసిను పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. ఆయిలు పోయినంతసేపూ దాన్ని చూస్తూ ఉండండి. మీరు కూర్చున్నది ఈ చూడడం కోసమే.

నల్లగా ఉన్నదని బెంగపడకండి. డీజిలు ఇంజను ఆయిలు కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని తనలో పట్టుకోవడం దాని ఉద్యోగం. పాలు పోసిన కాఫీ రంగు కనబడితే మాత్రం నీళ్లు కలిసినట్టు. డీజిలు వాసన కొట్టి నీళ్లలా పలుచగా ఉంటే ఎక్కడో డీజిలు దిగుతున్నట్టు. అసలు డిప్‌స్టిక్కు మీద ఆయిలు మట్టం తగ్గడంకన్నా తనంతట తాను పెరగడం పెద్ద ప్రమాదం. మనవాళ్లు "ఆయిలు తినడం లేదు, మంచి బండి" అని మురిసిపోతారు! ఎండలో పెట్టి చూస్తే మెరిసే రజను కనిపించినా మెకానిక్కును పిలవవలసిందే.

ఫిల్టరు ఊడదీశాక దాని రబ్బరు వాషరు కూడా దానితోపాటు వచ్చిందో లేదో చూడండి. పాతది ఇంజనుకే అంటుకొని ఉండి, దాని మీద కొత్తది బిగిస్తే రెండు వాషర్ల మధ్యనుంచి ఆయిలంతా చిమ్ముకొని పోతుంది. కొత్త ఫిల్టరు వాషరుకు వేలితో కాస్త ఆయిలు రాసి, చేత్తోనే బిగించండి. వాషరు తగిలిన తరువాత ముప్పాతిక చుట్టు చాలు. పాన పెట్టి బలం చూపిస్తే మళ్లీసారి ఊడదీయడానికి మీరే ఏడవాలి. డ్రెయిన్ బోల్టుకు కొత్త రాగి వాషరు వేయండి. తరువాత ఆయిలు పోసి, ఇంజను ఒకటి రెండు నిమిషాలు తిప్పి, ఆపి, కాసేపాగి మట్టం చూసి తక్కువైనంత పోయండి. చివరగా కొత్త ఫిల్టరు మీద తేదీ, మీటరు గంటలు వ్రాయండి. మా అక్కయ్య ఇంట్లో ఈ వ్రాత పని ఆవిడదే. ఇంకొకరికి ఇవ్వదు.

ఆయిలు డబ్బా మీద 15 డబ్ల్యు 40 అని ఉంటుంది. ఆ డబ్ల్యు ఇంగ్లీషువాళ్ల శీతకాలానికి పొడి అక్షరం. చలిలో ఎంత చిక్కగా ఉంటుందో మొదటి అంకె, వేడిలో ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో రెండో అంకె చెబుతాయి. గూడూరులో మనకు పనికివచ్చేది రెండోదే! నూనె అన్న మాట నువ్వుల నెయ్యి నుంచి పుట్టింది. సంస్కృతంలో తైలం కూడా తిలల నుంచి వచ్చినదే. ఇంజను నూనె అంటే పాపం నువ్వు గింజకు నవ్వు వస్తుంది.

ఇంజను ఆయిలుకన్నా ఎక్కువమంది మరచిపోయేది వెనక హౌసింగు ఆయిలు. గేర్లకూ, హైడ్రాలిక్కుకూ, చాలా బండ్లలో బ్రేకులకూ ఆ ఒక్క ఆయిలే. బ్రేకులు ఆయిలులో మునిగి ఉండే బండికి ఆ పనికని ప్రత్యేకంగా తయారుచేసిన ఆయిలే పోయాలి. ఇంట్లో మిగిలిన ఇంజను ఆయిలు పోస్తే బ్రేకులు కీచుమంటాయి, అరిగిపోతాయి. ఇది మార్చే గడువు దీర్ఘం, ఖర్చూ ఎక్కువ, అందుకే వాయిదా పడుతుంది. కాని వరి పొలంలో కేజి వీల్సు కట్టి దమ్ము చేసే బండికి గడువు మాత్రమే చూస్తే చాలదు. చక్రాల దగ్గర సీలు ఏ కాస్త అరిగినా బురదనీరు లోపలికి చేరుతుంది. మరుసటి ఏడు దమ్ము అయిన వారానికి బావగారు హౌసింగు డిప్‌స్టిక్కు తీసి చూస్తే ఆయిలు మజ్జిగలా ఉన్నది. అప్పటికి గేర్లు మోగడం లేదు, లిఫ్టు బాగానే లేస్తున్నది. వెంటనే వంచి, సీలు మాత్రం మెకానిక్కుచేత మార్పించి, జల్లెడ ఫిల్టరు కడిగి, కొత్త ఆయిలు పోశారు. ఇంకో సీజను అలాగే దున్ని ఉంటే తుప్పు పట్టిన గేర్లూ బేరింగులూ మార్చడానికి నిమ్మకాయల డబ్బు పోయేది. ఆ డబ్బుతోనే వాళ్ల పెద్దవాడి కాలేజీ ఫీజు కట్టాలి.

గాలి ఫిల్టరు చెప్పడానికి చిన్నది, పనికి పెద్దది. ఎండుదుక్కిలో రోటావేటరు తిరుగుతుంటే లేచే దుమ్ములో ఇసుక రేణువు ఇంజను ఇనుముకన్నా గట్టిది. అడుగున ఆయిలు గిన్నె ఉండే రకమైతే ఆ రోజుల్లో రోజూ తీసి చూసి, బురద పేరుకుంటే కడిగి, గీత వరకే ఆయిలు పోయాలి. కాగితపు రకాన్ని కడగరాదు, టైరుకేసి కొట్టరాదు. లోపలినుంచి బయటికి మెల్లగా గాలి పట్టాలి. లోపలి చిన్న ఫిల్టరును శుభ్రం చేసే ప్రయత్నమే వద్దు, మార్చడమే.

డీజిలు ఫిల్టరు మార్చాక బండి స్టార్టు కాకపోతే "ఎయిర్ పట్టింది" అంటారు. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి డీజిలు ధార వచ్చాక బిగించడమే. అయితే ఇంజెక్టరు గొట్టం కారుతున్నదేమోనని నడుస్తున్న ఇంజను మీద వేలు పెట్టి చూడకండి. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి సూదిలా దిగుతుంది. అది ఆసుపత్రి పని. సాయంత్రం ట్యాంకు నిండుగా పోసి ఉంచితే రాత్రి చెమ్మ లోపల నీరై దిగడం తగ్గుతుంది.

రేడియేటరు మూత వేడి మీద తీయరాదని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఊళ్లోనూ చేయి కాల్చుకున్నవాడు ఒకడుంటాడు. అందులో బోరునీళ్లు పోస్తే ఉప్పు గార కడుతుంది. కూలెంటూ డిస్టిల్డు వాటరూ కలిపి పోయండి.

మెకానిక్కులందరూ ఆ షెడ్డువాడిలాంటివాళ్లని నేననను. టాపెట్లు, ఇంజెక్టర్లు, పంపు వాళ్ల విద్య, అందులో మనం వేలు పెట్టరాదు. గ్యారంటీ గడువులో ఉన్న బండికైతే సర్వీసులు డీలరు దగ్గరే చేయించి బిల్లులు దాచుకోండి. కాని అక్కడ కూడా తీసిన పాత ఫిల్టరు ఇంటికి ఇమ్మని అడగడంలో మొహమాటమేమీ లేదు. మా అక్కయ్య ఇప్పుడు సీలు మార్చితే పాత సీలు కూడా అడిగి తెచ్చుకుంటున్నది.

వంచిన ఆయిలు సంగతి మిగిలింది. పల్లెల్లో దాన్ని వాసాలకు చెదలు పట్టకుండా పూస్తారు, మిగిలింది కాలువలో పోస్తారు. అది ప్రమాదకరమైన వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. బావి పక్కన ఒంపితే తాగేది మనమే. పాత కూలెంటు మరీ మోసం. దాని రుచి తియ్యన, లోపల విషం. కుక్కా దూడా ఆశగా నాకుతాయి. రెండింటినీ వేరువేరు మూత డబ్బాల్లో పట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, ఈసారి విడిభాగాలకు పట్నం వెళ్లినప్పుడు సర్వీసు సెంటరుకు పట్టుకుపోండి. పాత ఆయిలుకు అక్కడ డ్రమ్ము ఉంటుంది. అడిగితే అందులో పోయించుకుంటారు.