మామిడి తోటల ఊళ్ళో ప్లాస్టిక్ తోరణాలా?

ఉద్దానం అంటే ఉద్యానవనమని పెద్దలు చెప్పే మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో ఏ ఊరికి పోయినా పెరడు దాటకుండానే కొబ్బరి, మామిడి, పనస, జీడి కళ్ళబడతాయి. అటువంటి ఊళ్ళల్లో సంక్రాంతికి గుమ్మాన వేలాడుతున్నది ప్లాస్టిక్ మామిడాకు. కాశీబుగ్గ బజారులోనో టెక్కలి బజారులోనో డబ్బు పోసి కొన్నది. పెరట్లో చెట్టు నిండా ఆకు ఉండగా ఆ ఆకు బొమ్మను దుకాణం నుంచి తెచ్చి కట్టుకోవడం వింతగా లేదూ?

తోరణం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. వాకిట్లో ముగ్గుకు బదులు స్టిక్కరు వచ్చింది. దేవుడి పటానికి ఏడాది పొడుగునా వాడని బంతిపూలు వచ్చాయి. దసరా మండపాలకు థర్మోకోలు స్తంభాలు లేచాయి. కొన్న పండక్కి అన్నీ మెరుస్తాయి. ఎండకూ, సముద్రపు గాలికీ రంగు దిగిపోయి, కొన్నాళ్ళకు ముట్టుకుంటే పొడిపొడిగా రాలతాయి. ఆ పైన వాటి గతి ఏమిటి? గెడ్డ అయినా కావాలి, భోగి మంట అయినా కావాలి. గెడ్డలో పడ్డది సముద్రానికి చేరుతుంది. ఈ తీరానికే ఏటా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మంటలో పడ్డది ఊరి మీదికే వస్తుంది. పి.వి.సి. రకం ప్లాస్టిక్కు కాలితే హైడ్రోజన్ క్లోరైడు అనే ఘాటైన వాయువు, డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. చలికి మంట చుట్టూ ముందుగా చేరేది పసిపిల్లలూ ముసలివాళ్ళూ. ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బును ఈ పొగకు అంటగట్టడం తగదు. ఆ జబ్బు మూలం వైద్యులకే ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. కాని ఉన్న కష్టం చాలదన్నట్టు కొత్త పొగను చేజేతులా రాజేసుకోవడం దేనికి?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడానికి లేదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని రకాల ప్లాస్టిక్కు సరుకును నిషేధించారు. అలంకరణకు వాడే థర్మోకోలు, ప్లాస్టిక్కు జెండాలు, బెలూన్లకు తగిలించే ప్లాస్టిక్కు పుల్లలు ఆ జాబితాలో ఉన్నాయి. ప్లాస్టిక్కు తోరణం మాత్రం లేదు. కనుక దుకాణదారుపై కేసు పెట్టమని కోరి లాభం లేదు. ఈ పని ఇంటివాళ్ళే చేసుకోవాలి.

ఇంటివాళ్ళు అనగానే తప్పంతా ఆడవాళ్ళదేనని అరుగు మీద కూర్చుని గొణిగే పెద్దమనుషులకు ఏ ఊళ్ళోనూ కొదవ లేదు. వెనక తెల్లారకముందే లేచి కల్లాపు చల్లేవారు, గోడలు అలికేవారు, పిండి ముగ్గు పెట్టేవారు, ఇప్పుడు ఒళ్ళు వంగడం లేదు అని వారి ఫిర్యాదు. పలాస జీడిపప్పు కర్మాగారాలకు పొద్దున్నే నడిచిపోయేది ఎవరు? పిక్క కొట్టేదీ, పొట్టు తీసేదీ, పప్పు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. దినమంతా అక్కడ కష్టపడి వచ్చి, పండగ ముందు రాత్రి చెట్టెక్కి ఆకు కొయ్యమంటే ఎలా? ప్లాస్టిక్కు తోరణం ఇంట్లోకి వచ్చింది సోకు కోసం కాదు, తీరిక లేక. ఆ సంగతి ఒప్పుకోకుండా చెప్పే సలహా ఏదీ గుమ్మం దాటి లోపలికి పోదు. చెట్టెక్కడం, సున్నం కలపడం, పందిరి వేయడం ఏనాడూ మగవాళ్ళ పనులే. వాటిని వారు మానేశారు గనుకనే బజారు సరుకు వచ్చి కూర్చుంది.

కొమ్మ విరిస్తే పూత పోతుంది

పచ్చని ఆకు కడితే చాలు, మంచి జరిగినట్టే అనుకోవడమూ పొరపాటే. ఆకు కోయడానికి ఒక పద్ధతి ఉంది. సంక్రాంతి నాటికి మామిడి పూతకు సిద్ధమవుతూ ఉంటుంది. పూత వచ్చేది కొమ్మ చివర మొగ్గ నుంచి. తోరణం కోసం కొమ్మను చివరతో సహా విరిచిన వాడు వేసవిలో రావలసిన కాయను జనవరిలోనే తెంపేసుకున్నట్టు. కింది కొమ్మల్లో ముదురు ఆకులు ఒక్కొక్కటిగా తుంపుకోవాలి. గుమ్మానికి కావలసింది ఇరవై, ముప్ఫై ఆకులు. అందుకు కొమ్మలు అవసరం లేదు.

కొబ్బరి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏపుగా ఉన్న చెట్టు నెలకు ఒకటి చొప్పున ఏడాదికి పన్నెండు మట్టల దాకా వేస్తుంది. ఒక్కొక్క మట్ట మొదట్లో ఒక్కొక్క గెల. ఆ గెలకు తిండి పెట్టేదీ, బరువు మోసేదీ ఆ పచ్చి మట్టలే. పందిరి కోసం పచ్చి మట్టలు నరికితే గెల వాలిపోతుంది, పిందె రాలుతుంది. కింద వరసలో పండి పసుపెక్కిన మట్టను కోస్తే చెట్టుకు నష్టం లేదు. పందిరికి ఆ మట్ట చాలు, తడిక అల్లడానికీ చాలు.

ఈమధ్య పెళ్ళి మండపాలకు లేత మొవ్వాకుతో చిలకలు, పూలు అల్లడం వాడుకైంది. చూడ్డానికి ముచ్చటే. ప్లాస్టిక్కు కాదు గనుక మెచ్చుకునేవారూ ఉన్నారు. కాని మొవ్వ తీస్తే చెట్టు ఎదుగుదల దెబ్బ తింటుంది. కూలిన చెట్టు నుంచి, ఎలాగూ కొట్టివేయబోయే చెట్టు నుంచి తీసుకుంటే సరే. కాసే చెట్టు మొవ్వను ఒక్క పూట ముచ్చటకు తీయడం కంటే కాగితం పూలు కట్టుకోవడం నయం.

ఉద్దానంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసిన కారణం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరలోనే తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలై అప్పటికి ఒక్క రోజు. తరాలుగా కాస్తున్న కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఆ దసరాకు ఏ గుమ్మానికి ఎవరు తోరణం కట్టారని అడగనక్కరలేదు. కొబ్బరాకు మాత్రం దారి పొడుగునా పరుచుకొని ఉంది. దేశవాళీ కొబ్బరి నాటితే కాపు పట్టడానికి ఆరేడేళ్ళు. అంటే ఆ తరువాత నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే తొలి గెలలు చూపిస్తున్నాయి. వాటి మీద కత్తి పెట్టే ముందు ఒక్కసారి ఆలోచించుకోవాలి.

మరొక జాగ్రత్త. ఆకు అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా గుడ్లు, కింది ఆకుల మీద మసి పట్టినట్టు నలుపు కనిపిస్తే అది తెల్లదోమ. అటువంటి తోట నుంచి బండికి ఎత్తి తెచ్చిన మట్టలతో పురుగు కూడా కొత్త ఊరు చేరుతుంది. పందిరికి మట్ట ఊళ్ళోదే మేలు, అదీ చూసి కోసినది.

సున్నం సంగతి

పండగ ముందు గోడలకు రంగు వేయించడం ఇప్పుడు వేల రూపాయల పని. పైకి తళతళలాడే ప్లాస్టిక్కు రంగు ఉప్పు గాలి తగిలే ఇళ్ళలో నాలుగేళ్ళు నిలబడితే గొప్ప. గోడలోకి ఎక్కిన తేమ బయటికి పోవడానికి దారి లేక, రంగు పొక్కి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. సున్నం అలా చేయదు. గోడ తేమను బయటికి వదులుతుంది. తానేమో గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ రాయిగా మారి గోడను పట్టుకుంటుంది. తీరంలో గుల్లలు కాల్చి సున్నం చేసుకున్న రోజులు ముసలివారికి గుర్తే.

చేసే విధం కూడా మరచిపోతున్నారు. ముందు తొట్టెలో నీళ్ళు పోసి, అందులో రాతి సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్ళు పోస్తే పొంగి కళ్ళలో చింది చూపుకే ముప్పు. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. ఒక రాత్రి నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, చేతికి అంటకుండా ఉండడానికి గంజి, కాస్త ఉప్పు కలపాలి. తెల్లదనానికి కొంచెం నీలిమందు. గోడను తడిపి, కొబ్బరి డొక్కను నలగ్గొట్టి చేసిన కుంచెతో పలచగా రెండు మూడు పూతలు వేయాలి. చిక్కగా ఒకే పూత వేసినవాడికి పండగ నాటికి చొక్కా నిండా సున్నమే. ఇదివరకే నూనె రంగు వేసిన గోడ మీద మాత్రం సున్నం నిలవదు. గీకి తీయవలసిందే.

వేసవి రాకముందు మిద్దె పైన కూడా సున్నం పూసుకుంటే ఎండ వేడి చాలావరకు తిరిగిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. ఇక్కడివారు దానికోసం జీవోలు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

మిగిలిన అలంకారాలకు ఋతువే దుకాణం. ధనుర్మాసంలో బియ్యపు పిండి ముగ్గు పెడితే చీమలు, పిచ్చుకలు తిని పోతాయి. రంగులు కావాలంటే పసుపు ఉంది, పసుపులో సున్నం కలిస్తే ఎరుపు, ఇటుక పొడి, బొగ్గు పొడి ఉన్నాయి. వేసవిలో వీధి వాకిట ఎండు మట్టల పందిరి చల్లన. నిప్పురవ్వ పడకుండా చూసుకోవాలి. వానాకాలంలో తీరం వెంట మొగలి పూస్తుంది. ఒక్క పొత్తి బట్టల పెట్టెలో వేస్తే ఇల్లంతా తెలుస్తుంది. వినాయకుడి పాలవెల్లికి పెరటి కాయలూ పళ్ళూ ఉండగా ప్లాస్టిక్కు ద్రాక్ష గుత్తులు కట్టడం ఆ దేవుడికే నవ్వు తెప్పించాలి.

పట్నంలో కొందరు సవరల గోడ బొమ్మలను అచ్చు వేయించి ముందు గదిలో తగిలించుకుంటున్నారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యపు పిండితో సవరలు వేసుకునే ఆ బొమ్మ వారికి పూజ, గోడకు సోకు కాదు. కొనదలచుకుంటే వారు గీసినదే, వారికి డబ్బిచ్చి కొనాలి. తలుపు తెరలకు పొందూరు ఖద్దరు బాగుంటుందనేవారూ ఉన్నారు. బాగుంటుంది నిజమే, ఆ వెల కూలి చేసుకునేవారికి అందదు. ఉతికి ఆరేసిన పాత నేత చీర చాలు.

గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్ట సంగతి మాత్రం నిజంగా విచారకరం. కొబ్బరి పీచు తీసే పరిశ్రమలు ఉద్దానంలోనే ఉన్నాయి. ఇక్కడ పండిన కాయ పీచు ఎక్కడికో పోతుంటే, ఇక్కడి గుమ్మాల ముందు పరిచేది బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ప్లాస్టిక్కు పట్ట. కేంద్ర కాయిర్ బోర్డు మహిళా కాయిర్ యోజన పేరిట పీచు వడకడంలో ఆడవాళ్ళకు శిక్షణ ఇస్తూ వచ్చింది. మహిళా సంఘాలు గట్టిగా అడిగితే తాడుతో ఆగకుండా పట్టలు, బుట్టలు అల్లే దాకా ఆ శిక్షణను తెప్పించుకోవచ్చు. అలంకరణకు పెట్టే డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. జీడి పిక్క కొట్టి చేతులు కాల్చుకుంటున్న ఆడవాళ్ళకు మరొక పని దొరుకుతుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, గుజరాత్ నుంచి కుర్రాళ్ళు ఇళ్ళకు వస్తారు. నాలుగు రోజులు చేతిలో ఫోను తప్ప పని ఉండదు. కొబ్బరికాయలు దింపే రోజును భోగికి ముందుకు జరుపుకుంటే పండు మట్టలు ఆ రోజే కిందికి దిగుతాయి. చెట్టెక్కే మనిషికి కూలి వేరే ఇవ్వనక్కరలేదు. దిగిన మట్టలను మోసుకొచ్చి వీధిలో ఇంటింటికీ రెండేసి పంచడం, పెరడు లేని ఇళ్ళకు మామిడాకు చేర్చడం ఈ కుర్రాళ్ళకు అప్పజెప్పవచ్చు. వీధికి ఒక పెద్ద పూనుకుంటే చాలు.