పడసాలలో హాజరుపట్టీ

కిందటి సంచికలో మా పెద్ద మనమరాలిని గురించి రాసిన ముచ్చట చాలామందికి నచ్చింది. కడుపుతో ఉన్న తల్లికి వేళకు మాత్రలు అందిస్తూ, కవల చెల్లెళ్ళకు జడలు అల్లుతూ, చిన్నోడికి నీళ్ళు పోస్తూ, పదిహేనేళ్ళ పిల్ల ఇల్లంతా చక్కబెడుతోందని మురిసిపోతూ రాశాను. "బంగారు తల్లి" అని కూడా అన్నాను. కోయంబత్తూరు నుంచి ఒకావిడ ఫోను చేసి, "అటువంటి పిల్ల మా ఇంటికి కోడలుగా వస్తే ఎంత బాగుండునమ్మా" అన్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద లేవు. ఇప్పుడు ఆ ముచ్చటకు దిద్దుబాటు రాయవలసి వచ్చింది. తప్పు నాది గనుక నేనే రాయాలి.

ఈ పేజీని మొదటిసారి చూస్తున్నవారికి మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. హోసూరు నుంచి బాగలూరు వెళ్ళే దారిలో మా పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగుళూరు పూల మార్కెట్టుకు పోతే కన్నడం. మా అబ్బాయి గులాబీ తోట చూసుకుంటాడు. నేనూ మా ఆయనా, కొడుకూ కోడలూ, అయిదుగురు పిల్లలూ కలిసి తొమ్మిదిమందిమి. పిల్లల్లో పెద్దది ఈ పిల్ల. దాని తరువాత పన్నెండేళ్ళ మగపిల్లవాడు, ఎనిమిదేళ్ళ కవల ఆడపిల్లలు, నాలుగేళ్ళ చిన్నోడు. పదో మనిషి సెప్టెంబరు మూడో వారంలో రావాలి. పిల్లలెవరూ బడికి వెళ్ళరు. మా పడసాలే వాళ్ళ బడి.

ఇది ముందుగా అనుకుని చేసిన పని కాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూసేసినప్పుడు కోడలు పిల్లల్ని పడసాలలో కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టింది. బీఎస్సీ చేసి, ఆపైన బీఈడీ కూడా చదివిన పిల్ల. తమిళనాడులో 2021 నవంబరు 1న ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు బళ్ళు తెరిచారు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం అత్తా" అంది. ఆ కొన్నాళ్ళు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నేనేమో ముప్ఫై ఒక్క ఏళ్ళు సర్కారు బడిలో తెలుగు చెప్పి దిగినదాన్ని. నాకిది సుతరామూ ఇష్టం లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులదేనని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది, ఇంటి చదువు మాట అందులో లేదు కదరా అని కొడుకుతో వాదించాను.

వాదనలో ఓడిపోలేదు గానీ మెత్తబడ్డాను. కారణం తెలుగు. 2006లో తమిళనాడు ప్రభుత్వం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అని చట్టం చేసింది. ఏడాదికొక తరగతిగా అది పైకి ఎక్కుతూ వచ్చి 2016లో పదో తరగతి పరీక్షను చేరింది. తరువాత కోర్టులకు వెళితే కొన్ని ఏళ్ళకు మినహాయింపులు దొరికాయి. తమిళం నేర్వడం మంచిదే. మా పిల్లలు తమిళ పేపరు గడగడా చదువుతారు. కానీ మా వంటి ఊళ్ళలో తెలుగు గంట కుదించుకుపోవడం నేను ఉద్యోగంలో ఉండగా కళ్ళారా చూశాను. "నీ దగ్గర నేర్చుకోక ఇంకెక్కడ నేర్చుకుంటారమ్మా" అన్నాడు కొడుకు. ఆ మాటకు పడిపోయాను. అలా నేనే ఆ బడికి తెలుగు పంతులమ్మనయ్యాను. జీతం లేదు, రెండు పూటలా కాఫీ ఉంది.

బడి తెల్లవారకముందే మొదలవుతుంది. అయిదున్నరకు తోటలో పూలు కోస్తారు. ఇరవై కాడలకు ఒక కట్ట. కవలలకు ఇరవయ్యో ఎక్కం అక్కడే వచ్చేసింది. తొమ్మిది గంటలకు పడసాలలో చాపలు పరుస్తాం. కవలలు నా ముందు పెద్ద బాలశిక్ష పట్టుకుని కూర్చుంటారు. అరవై సంవత్సరాల పేర్లు ఒకతె ప్రభవ నుంచి, ఇంకొకతె అక్షయ నుంచి వెనక్కి చెప్పుకుంటూ వచ్చి నడిమధ్య కొట్టుకుంటారు. చిన్నోడు ఇసుకలో అక్షరాలు దిద్దుతానని కూర్చుని కోడిపిల్లల వెంట పోతాడు. పన్నెండేళ్ళవాడికి లెక్కలంటే ప్రాణం. డాక్టరమ్మ కార్డులో రాసిన తేదీ నుంచి వెనక్కి 280 రోజులు లెక్కపెట్టి, క్యాలెండరు మీద నలభై వారాలూ గీతలు గీశాడు. ప్రతి సోమవారం ఒక గడి కొట్టేస్తాడు. ఇల్లంతా ఆ క్యాలెండరు చూసే నడుస్తోంది.

ఆరో బిడ్డ ఎందుకమ్మా అని చుట్టాలు నన్ను అడుగుతారు, కోడలిని అడిగే ధైర్యం లేక. అది వాళ్ళిద్దరి సంగతి. నేను నోరు మూసుకున్నాను. పూర్తిగా మూసుకున్నానని రాస్తే కోడలు ఈ పేజీ చదివి నవ్వుతుంది.

నవ్వులాట కాని సంగతి వేరే ఉంది. అయిదో నెలలో పరీక్ష చేస్తే ఆమె ఒంట్లో హిమోగ్లోబిన్ 8.6 గ్రాములే ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకు 11 ఉండాలి. కవలలతో కలిపి నాలుగు కాన్పులైన మనిషి. అయిదో కాన్పు గనుక, బిడ్డ పుట్టాక రక్తం ఎక్కువ పోయే భయం ఉంటుందని, రక్తం ఎక్కించే ఏర్పాటున్న పెద్దాసుపత్రిలోనే కాన్పు కావాలని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. ఐరన్ సెలైన్లో కలిపి ఎక్కించారు. ఇంట్లో మునగాకు, నువ్వుండలు, రాగి సంగటి, నిమ్మకాయ నీళ్ళు. ఐరన్ మాత్ర వేసుకున్నాక వెంటనే కాఫీ, టీ తాగితే అది ఒంటికి పట్టదు. కవలలు దీనికి కాపలా. తల్లి చేయి చెంబు వైపు పోతే చాలు, ఇద్దరూ ఒక్కసారే కేకలు పెడతారు. మీ ఇళ్ళలో కడుపుతో ఉన్న పిల్లలుంటే ఈ కాఫీ సంగతి గుర్తు పెట్టుకోండి. మన దక్షిణాది వాళ్ళం ఇక్కడే తప్పు చేస్తాం.

కోడలు ఎక్కువగా పడుకునే ఉండేది. పడసాలకు పంతులమ్మ లేదు. ఆ చోటులోకి పెద్దది ఎప్పుడు వచ్చి కూర్చుందో మాలో ఎవరికీ తెలియదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వడియాల లెక్క రాసుకుందామని కాగితం కోసం బల్ల మీద వెతుకుతుంటే పెద్దదాని లెక్కల నోటుబుక్కు చేతికొచ్చింది. వర్గ సమీకరణాలు. మూడో లెక్క సగంలో ఆగిపోయింది. పైన తేదీ జనవరి 28. పేజీ తిప్పితే పాల చుక్కెదురు గీతలు. ఇంకో పేజీలో చాకలి పద్దు. తరువాత కవలల డిక్టేషను మార్కులు, తల్లి మాత్రలకు టిక్కులు, చిన్నోడికి జ్వరం వచ్చిన రాత్రి గంటగంటకూ రాసిన వేడి. అంతా ముత్యాలవంటి అక్షరాలే. వర్గ సమీకరణం మాత్రం మళ్ళీ ఎక్కడా లేదు.

అక్టోబరులో దానికి పరీక్ష ఉంది. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూలు, ఇప్పుడు ఎన్.ఐ.ఓ.ఎస్. అంటున్నారు కదా, దాంట్లో పదో తరగతికి కట్టించాం. అయిదు సబ్జెక్టులు. ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పరీక్షలు జరుగుతాయి. అయిదేళ్ళ గడువులో తొమ్మిదిసార్లు ప్రయత్నించవచ్చు. ఈ వెసులుబాటు మంచిదే. కానీ ఇంటి పని పైబడ్డ ఆడపిల్లకు "వచ్చేసారి చూద్దాం" అనుకోవడానికి తొమ్మిది సాకులు ముందే ఇచ్చినట్టు కూడా అవుతుంది.

"ఏమే, ఇదేమిటి?" అని నోటుబుక్కు చూపించాను. దాని ముఖం పాలిపోయింది. "అమ్మకు చెప్పొద్దవ్వా. అమ్మ ఏడిస్తే బీపీ పెరుగుతుంది" అంది. తిట్టినా బాగుండేది నాకు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. ఏడుగురిలో నేనే పెద్దదాన్ని. 1968లో మా అమ్మకు ఆరో కాన్పు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి మాన్పించారు. మూడు నెలలే అన్నారు. అంట్లు, ఉతుకులు, చంకలో తమ్ముడు. మూడు నెలలు అయిపోయినా ఎవరూ బడి మాట ఎత్తలేదు. ఒక సాయంత్రం మా తరగతి పంతులుగారు సైకిలు మీద ఇంటికొచ్చారు. హాజరుపట్టీ సంచిలో పెట్టుకుని వచ్చారాయన. నా పేరు వరుస మీద వేలు పెట్టి, "ఇన్ని గైర్హాజర్లు వేశానయ్యా, పేరు కొట్టెయ్యమంటావా?" అని మా నాన్నను అడిగారు. మా నాన్నకు చదువు రాదు. కానీ అంత పొడుగు వరుస చూసి సిగ్గుపడ్డాడు. సోమవారం నుంచి నేను బడిలో ఉన్నాను. ఒక ఏడాది పోయింది, అంతే. ఆ తరువాతి కాన్పుకు నా చెల్లెలిని మాన్పించారు. అప్పటికి ఆ పంతులుగారికి బదిలీ అయిపోయింది. ఎవరూ రాలేదు. చెల్లెలు ఇప్పటికీ మా ఇంటికొస్తే ఈ పేజీ నా చేత చదివించుకుని వింటుంది.

బడి ఇంట్లోనే ఉన్నప్పుడు, పిల్ల రాలేదని అడిగేందుకు ఎవరు సైకిలెక్కి వస్తారు? ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ హాజరు పిలిచినదాన్ని, నా ఎదుట నాలుగు నెలలు గైర్హాజరు అయితే నేను దాన్ని బంగారు తల్లి అని అచ్చు వేయించాను.

రాత్రి కోడలి దగ్గర కూర్చుని నోటుబుక్కు ఇచ్చాను. పిల్లకిచ్చిన మాట తప్పాను, ఏం చేయను. కోడలు ఏడవలేదు. చాలాసేపు పేజీలు తిప్పి, "చూడలేదని కాదత్తా. చూసినాను. చూసీ ఊరకుండినాను. లేస్తే కళ్ళు తిరుగుతాయి, దానికి అన్నీ వచ్చు, ఇంకెవరిని పిలిచేది?" అంది. నేను మారు మాట్లాడలేదు. నేనూ అదే కదా చేసింది.

కొడుకుతోనే గట్టిగా అయ్యింది. "ఇంటి పని కూడా చదువే కదమ్మా, మనం చెప్పేది అదే కదా" అన్నాడు. "అయితే ఆ చదువు నీ పెద్దకొడుకు కూడా చదవాలి గదరా" అన్నాను. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన పేపరు మడిచాడంటే ఇంట్లో పెద్ద విశేషం కిందే లెక్క.

ఆ వారమే పద్ధతి మార్చాం. తోటలో పనిచేసే ఆమెను పొద్దున రెండు గంటలు ఇంటి పనికి పిలుచుకున్నాం, దానికి విడిగా కూలి. చిన్నోడి స్నానం వాళ్ళ నాన్నది. కవలల డిక్టేషను తాతది. సంగటి కెలకడం పన్నెండేళ్ళవాడిది. మొదటి రోజు సంగటి అంతా ఉండలు కట్టింది, రెండో రోజు అడుగంటింది. నాలుగో రోజు నుంచి తినగలుగుతున్నాం. బిడ్డ వచ్చేది సెప్టెంబరు, పరీక్ష అక్టోబరు. అందుకని ఈసారి తెలుగు, సోషల్ రెండే రాయిస్తాం. లెక్కలతో కలిపి మిగతా మూడూ ఏప్రిల్లో. పరీక్ష రోజుల్లో నేను బాలింత దగ్గర, వాళ్ళ నాన్న పిల్లతో పరీక్ష హాలుకు.

పెద్దది దీనికి సంతోషించి ఉంటుందని మీరు అనుకుంటారు. లేదు. వంటింటి బీరువా తాళంచెవి నా చేతికి ఇచ్చేటప్పుడు మూతి ముడుచుకుంది. చిన్నోడు నాన్న పోసే నీళ్ళు వద్దని వారం రోజులు రాగం తీస్తే, అది లోపల కూర్చుని పుస్తకం మీద కళ్ళు పెట్టలేకపోయింది. "నేను సరిగ్గా చేయలేదా అవ్వా?" అని అడిగింది ఒకసారి. బాగా చేశావు గనుకనే ఇలా అయ్యిందని దానికి ఎలా చెప్పాలో నాకు చాతకాలేదు. రెండు వారాలు నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

నేను బజారుకు పోయి పొడుగు హాజరుపట్టీ ఒకటి కొనుక్కొచ్చాను. అయిదుగురి పేర్లూ రాసి పడసాల గోడకు మేకు కొట్టి తగిలించాను. తొమ్మిదికి హాజరు పిలుస్తాను. రాకపోతే 'గై' అని వేసి, పక్క గడిలో కారణం వాళ్ళ చేతే రాయిస్తాను. కవలలకు ఇది ఆట. చిన్నోడు తన పేరు పిలిచేదాకా కోడిపిల్లల్ని కూడా వదిలేసి నిలబడతాడు. రాబోయే బిడ్డకు ఒక వరుస వదలమని పన్నెండేళ్ళవాడు అడిగాడు, వదిలాను.

జూలై నెల పట్టీ ఇప్పుడు నా ముందుంది. పెద్దదాని పేరు ఎదుట నాలుగు గైర్హాజర్లు. రెండు రోజులు తల్లితో ఆసుపత్రికి వెళ్ళింది, కోడలికి ఇప్పుడు 10.1 గ్రాములు. ఒక రోజు జ్వరం. నాలుగోదాని పక్కన కారణం గడిలో "ఊరకే" అని రాసింది. ఆ రోజు తోటలో మామిడిచెట్టు కింద కథల పుస్తకం ఒకటి పట్టుకుని సాయంత్రం దాకా పడుకుంది. మేమెవరమూ పిలవలేదు. చిన్నోడు మాత్రం రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాడు.