302 ఇప్పుడు 302 కాదు

పోయిన వానాకాలం భద్రాచలం ఏజెన్సీలో ఒక పోలీస్ స్టేషన్ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. నాకు తెలిసిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఫోన్‌ని కిటికీ ఊచకు ఆనించి పెట్టాడు. అందులో ఎవరో పెద్ద అధికారి కొత్త క్రిమినల్ చట్టాల మీద పాఠం చెబుతున్నారు. పాఠం దారిన పాఠం పోతోంది. ఈయన మాత్రం రాత్రి తాగి కొట్టుకున్న ఇద్దరు బావమరదుల తగువులో తలమునకలుగా ఉన్నాడు. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చాక వేలితో ఒకసారి తట్టి, నా వంక చూసి, "ఇది మొత్తం అయిపోతే సర్టిఫికెట్ వస్తది సార్" అన్నాడు.

ఆయన బద్ధకస్తుడేమీ కాదు. సెక్షన్లన్నీ నాలుక చివర ఉన్న మనిషి. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి తెచ్చి ఆ నాలుకనే తిరగేయమన్నారు. పాత ఐపీసీలో హత్య అంటే 302 అని సినిమాలు చూసే పిల్లాడికి కూడా తెలుసు. భారతీయ న్యాయ సంహితలో హత్య 103కి వెళ్ళింది. 302 ఖాళీగా లేదు, మత విశ్వాసాలను గాయపరచాలని మాటలనడం అనే నేరం అందులోకొచ్చి కూర్చుంది. రాములవారి ఊళ్ళో రైటర్ చెయ్యి అలవాటుకొద్దీ పాత అంకె వేస్తే హత్య కేసు కాస్తా భక్తుల గొడవైపోతుంది! ఇంకో తమాషా చూడండి. పాత సీఆర్పీసీలో 173 అంటే చార్జిషీటు, అంటే దర్యాప్తు ముగింపు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173 అంటే ఎఫ్ఐఆర్, అంటే దర్యాప్తు మొదలు. మనం తిట్టుగా వాడుకునే ఫోర్ ట్వంటీ 318కి పోయింది, తిట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంత మార్పును లక్షల మంది పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు, జైలు సిబ్బందికి తరగతి గదుల్లో కూర్చోబెట్టి నేర్పాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే ఆన్‌లైన్ పాఠాలు. 2020లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి కింద ఐగాట్ అనే వేదిక ఉంది, అందులో న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం అనే ఈ మూడు కొత్త చట్టాల మీద కోర్సులు పెట్టారు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వాళ్ళు 'సంకలన్' అని ఒక యాప్ ఇచ్చారు. పాత సెక్షన్ కొడితే కొత్తది ఎదురుగా వస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ రెండో మాట చర్ల, దుమ్ముగూడెం వైపు తిరిగినవాళ్ళకు ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. ఈ మొత్తం ప్రయత్నంలో నాకు బాగా నచ్చింది ఆ చిన్న యాప్ ఒక్కటే.

అంకెలు ఆ యాప్ చూసుకుంటుంది. నా గొడవ అంకెలతో కాదు, పాఠంలో వదిలేసే పనితో.

భద్రాచలం గోదావరి వంతెన దగ్గర గంజాయి పట్టుబడిందన్న వార్త లేని నెల అరుదు. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి, చింతూరు అడవుల వైపు నుంచి సరుకు వస్తుంది, వంతెన దాటితే హైదరాబాద్ దారి. ఇరవై కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది, శిక్ష పదేళ్ళతో మొదలవుతుంది. అలాంటి కేసులో ప్రాణమంతా సోదా జరిగిన ఆ అరగంటలోనే ఉంటుంది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదానూ, జప్తునూ, జాబితా రాసి పంచ్ సాక్షులతో సంతకాలు పెట్టించడాన్నీ వీడియో తీయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. వీడియో కోసం కేంద్రం ఈ-సాక్ష్య అనే యాప్ కూడా తెచ్చింది. బాగుంది. మరి ఒంటి మీద సోదా చేసే ముందు, "నిన్ను గెజిటెడ్ అధికారి ఎదుటగానీ మేజిస్ట్రేట్ ఎదుటగానీ సోదా చేయమని అడిగే హక్కు నీకుంది" అని చెప్పాలని మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ అంటోంది కదా. ఇన్నాళ్ళూ ఆ మాట పంచనామాలో ఒక అచ్చు వాక్యం. చెప్పారో లేదో ఎవరు చూడొచ్చారు? ఇప్పుడు కెమెరా చూస్తుంది. ఎదుటివాడు మల్కన్‌గిరి కుర్రాడైతే, ఆ మాట తెలుగులో గడగడా చదివేసి ముందుకు పోతే, వాడి మొహంలో అర్థం కాని చూపు కూడా రికార్డవుతుంది. ఆ వీడియో పోలీసుకెంత సాక్షో నిందితుడికీ అంతే సాక్షి. ఈ సంగతి క్విజ్‌లో అడిగే ప్రశ్న కాదు. ప్రశ్న ఎప్పుడూ "105 దేని గురించి?" అనే ఉంటుంది, నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కితే సరిపోతుంది.

ఆ వీడియో కోర్టు మెట్లెక్కాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైల్లో ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. ఇది చేత్తో ఒకసారి చేయించి చూపిస్తే పది నిమిషాల్లో పట్టుబడే విద్య. వినడానికి మాత్రం గంట పాఠమైనా చాలదు.

ఇక భాష. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు నాలుగు లక్షల పైచిలుకు. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో బస్తర్ నుంచి ఇటు వలస వచ్చిన గొత్తికోయలు తెలుగు అంతంతమాత్రం తెలిసినవాళ్ళు. సాక్షి కోయలో చెబుతాడు, ఊళ్ళో కాస్త చదువుకున్న కుర్రాడు తెలుగు చేస్తాడు, రైటర్ దాన్ని స్టేషన్ తెలుగులోకి మారుస్తాడు. 'సదరు', 'పై తెలిపిన', 'నేరస్థలమునకు' అన్నీ అప్పుడే వచ్చి చేరతాయి. కోర్టులో ఆ సాక్షి "నేను అట్ల చెప్పలే" అంటే దాన్ని ఎదురుతిరగడం అంటాం. ఎదురు తిరిగింది సాక్షో, తర్జుమానో ఎవరు తేల్చాలి? నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే కోర్టులో వాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టంలో ఉంది. స్టేషన్ బల్ల దగ్గర జరిగే తర్జుమాకు శిక్షణ ఎవరిస్తున్నారు?

సరిహద్దు సంగతి సరే సరి. భద్రాచలం దాటి చర్ల దారి పట్టగానే ఎటపాక, 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. కాస్త పోతే మళ్ళీ తెలంగాణ. చర్ల అవతల అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. బస్సులో పర్సు పోతే ఏ ఊరి దగ్గర పోయిందో ఆలోచించేలోగా రాష్ట్రం మారిపోతుంది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే అనే జీరో ఎఫ్ఐఆర్ దేశంలో అందరికంటే ముందు కంఠతా రావాల్సింది ఈ నాలుగైదు స్టేషన్ల వాళ్ళకే. ఢిల్లీలో తయారైన పాఠానికి ఎటపాక ఎక్కడుందో తెలియదు, తెలియాలని అనడమూ అన్యాయమే.

తూతూమంత్రపు శిక్షణ ఎక్కడికి దారి తీస్తుందో ఈ అడవి అవతలి గట్టున ఒకసారి చూశాం. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన కుర్రాళ్ళను స్పెషల్ పోలీస్ అధికారులుగా తీసుకుని మావోయిస్టుల మీదికి తుపాకులిచ్చారు. ఐదో తరగతి చదువు, రెండు నెలల శిక్షణ, అందులోనే లెక్కగట్టిన గంటల్లో ఐపీసీ, సీఆర్పీసీ, సాక్ష్య చట్టం. నేర్పాం కదా అని ప్రభుత్వం పీరియడ్ల పట్టిక చూపించింది. 2011 జూలైలో సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆ పట్టికను నమ్మలేదు, ఆ నియామకాలనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఫోన్లో వీడియో చూడటం, ఆ కుర్రాళ్ళను యుద్ధంలోకి తోయడం ఒకటేనని నేననను. కానీ పట్టిక నిండింది కాబట్టి విద్య వచ్చేసిందనుకునే ఆఫీసు బుద్ధి మాత్రం అదే.

ఇంకొకరిని ఈ పాఠాల లెక్కలో మర్చిపోతాం. అడవిలో నేరస్థలానికి ముందు చేరేది చాలాసార్లు పోలీసు కాదు, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలంలో పోడు తగాదాలో రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు హతమయ్యారు. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవం వేసింది. ఆ హత్య తర్వాత అడవి సిబ్బందికి ఆయుధాలివ్వాలా అనే చర్చే జరిగింది. ఎదుటివాడి భాషలో నాలుగు మాటలు నేర్పాలా అనే చర్చ నా చెవిన పడలేదు.

ఈ మధ్య ఆ హెడ్ కానిస్టేబుల్ మళ్ళీ కలిశాడు. ఢిల్లీ పాఠాలు ఉండనివ్వండి, మన పాఠాలు మనమే తీసుకోవచ్చు కదా అన్నాను. కోయ మాట్లాడే టీచర్ ఒకరు, భద్రాచలం కోర్టులో నలిగిన ప్రాసిక్యూటర్ ఒకరు, వంతెన దగ్గర సోదా చేసిన ఎస్సై ఒకరు కూర్చుని, కొట్టేసిన కేసులనే ముందేసుకుని ఎక్కడ చెడిందో పది వీడియోలు తీయాలి. మెమరీ కార్డులో వేసి స్టేషన్‌కొకటి, ఫారెస్ట్ రేంజ్‌కొకటి పంపాలి. చూసినవాళ్ళను నెలకో పూట సంత రోజున కూర్చోబెట్టి కోయవాళ్ళతోనే మాట్లాడించాలి. ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"మంచిదే సార్," అన్నాడు. "దీనికి సర్టిఫికెట్ ఇస్తరా?"