చలానుకూ ఖజానాకూ పొంతనేదీ?

రైతు దళారి ద్వారా పూర్తి సొమ్ము కట్టాడు. తహసీల్దారు చేతికొచ్చిన చలానులోనూ పూర్తి సొమ్మే ఉంది. సర్కారు ఖాతాలో పడింది మాత్రం అందులో కొంతే. 2026 జనవరిలో తెలంగాణలోని జనగామలో బయటపడ్డ, ధరణి, భూభారతి భూ రికార్డుల పోర్టళ్ల రిజిస్ట్రేషన్ చలానుల కుంభకోణం ఇదీ. సుమారు రూ.3.90 కోట్లు పక్కదారి పట్టాయంటూ పోలీసులు 15 మందిని అరెస్టు చేశారు. నిందితుల సంగతి న్యాయస్థానం తేలుస్తుంది. మరి దారి తెరిచి ఉంచిన వ్యవస్థ సంగతి?

స్లాట్ బుకింగ్, ఆన్‌లైన్ చెల్లింపు, ఖజానా, రిజిస్ట్రేషన్... దేనికదే సక్రమంగా పనిచేసినా చాలదు. కట్టాల్సినంతా ఖజానాలో జమైతే తప్ప దస్తావేజు కదలకూడదన్న ఒక్క నియమం అన్నింటినీ కలిపి ఉంచాలి. దళారి తెచ్చిన కాగితంలోని అంకెను నమ్మి పట్టా మార్చిన చోట ఆ నియమం లేనట్టే.

ఇది ఎవరూ ఊహించని లోపం కాదు. ఇండియానా విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లోనే ఇలాంటిది ఆన్‌లైన్ దుకాణాల్లో పట్టి చూపారు. డబ్బు వచ్చిందా అని చూసిన దుకాణం, ఎంత వచ్చిందో చూడలేదు. ఇలాంటి సందులు మామూలు టెస్టింగ్‌కు సులువుగా చిక్కవు. నియమాలను గణిత భాషలో రాసి, భాగాలన్నీ కలిసి ఏయే వరసల్లో నడవగలవో యంత్రంతో తనిఖీ చేయించాలి. అమెజాన్ ఇంజనీర్లు టీఎల్‌ఏ ప్లస్ అనే పద్ధతిలో అలా చేసి, 35 అడుగుల వరస తర్వాతే బయటపడే లోపాన్ని తమ డేటాబేస్‌లో పట్టుకున్నారు. వినియోగదారుడి సమాచారం కోసం ఒక కంపెనీ పడ్డ శ్రమ, రైతు భూమి కోసం ప్రభుత్వం పడకూడదా?

2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. చట్టం మారింది, పేరు మారింది. కుంభకోణం కేసులో మాత్రం రెండు పేర్లూ ఉన్నాయి. మహబూబాబాద్ మిర్చి రైతైనా, భూపాలపల్లి పత్తి రైతైనా ఆశ్రయించాల్సింది ఇదే పోర్టల్‌ను. దళారులను జైలుకు పంపినంత మాత్రాన ఆ రైతులకు భరోసా దక్కదు.

ప్రతి లావాదేవీకీ ప్రభుత్వం పాటించే నియమాలను తెలుగులో ప్రచురించాలి. చలాను మొత్తాన్ని తహసీల్దారు తెరపైనే ఖజానా నేరుగా ధ్రువీకరించాలి. సాఫ్ట్‌వేర్‌ను మార్చిన ప్రతిసారీ ఐఐటీ హైదరాబాద్ వంటి బయటి సంస్థతో ఈ భాగాల మధ్య అతుకులను పరీక్షింపజేసి, నివేదికను జనం ముందు పెట్టాలి. అన్నింటికన్నా ముందు, పూర్తి సొమ్ము చెల్లించి మోసపోయిన రైతు దస్తావేజుకు రక్షణ ఇవ్వాలి. ఖజానాకు పడ్డ గండిని అతని చేత రెండోసారి కట్టించి పూడ్చుకుంటే, అది ప్రభుత్వమే చేసే రెండో దోపిడీ అవుతుంది.