మెకానిక్కు రాకముందే!

ఏసీ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం. వెయ్యి రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం. తీరా పెట్టె ఇంటికొచ్చాక, డ్రిల్లింగ్ మిషన్‌తో వచ్చిన కుర్రాడు ‘ఎక్కడ పెట్టమంటారండీ?’ అని అడిగితే ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. అతనికి సాయంత్రంలోగా ఇంకో మూడిళ్లు ఉంటాయి. ఎక్కడ సులువైతే అక్కడ కన్నం పెట్టేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత పదేళ్లపాటు బిల్లు కట్టేది మనం!

అసలు ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. బావిలో నీళ్లు తోడినట్టు, గదిలోని వేడిని తోడి బయట పారబోస్తుంది. చలిదేశాల్లో ఇదే పద్ధతిని తిరగేసి బయటి వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. దాన్నే హీట్ పంప్ అంటారు. టన్ను అన్నది కూడా యంత్రం బరువు కాదు. దాదాపు 907 కిలోల ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని తోడే శక్తి అన్నమాట. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తిస్థాయిలో నడిస్తే, 2 కిలోవాట్ల గీజర్లు మూడు ఒక్కసారి వేసినంత వేడి బయటికి వస్తుంది.

అంత వేడిని వదిలే ఔట్‌డోర్ యూనిట్‌ను ఇరుకు సందులోనో, దొంగల భయంతో రేకులు కొట్టిన పెట్టెలోనో బిగిస్తే ఏమవుతుంది? తాను వదిలిన వేడిగాలినే తాను మళ్లీ పీల్చుకుని, కరెంటు తాగుతుంది. నీడపట్టున, ముందూ వెనకా గాలి ఆడేచోట పెట్టించండి. పక్కింటివాళ్ల కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. రేపు సర్వీసింగ్‌కు వచ్చే మనిషి ఎక్కడ నిలబడతాడో చూశారా? నాలుగో అంతస్తులో కిటికీ బయట గోడకు వేలాడదీసిన యూనిట్‌ను శుభ్రం చెయ్యాలంటే అతను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సజ్జా మీదికి దిగాలి. బాల్కనీలోనో డాబా మీదో చోటుంటే, రాగి పైపుకు నాలుగు మీటర్లు అదనంగా ఖర్చయినా అక్కడే పెట్టించండి. ఎంత పైపు ఉచితమో, ఆపైన మీటరుకు ఎంతో కొనేరోజే అడిగి తెలుసుకోండి.

ఇక కరెంటు. ఫ్రిజ్ ప్లగ్గులోంచో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచో ఏసీకి కరెంటు ఇవ్వడం నిప్పుతో చెలగాటం. ఒకటిన్నర టన్నులకు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి తగిన ఎంసీబీ వేయించుకుంటే నిశ్చింత. పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడు కన్నాలుంటాయి గానీ, మూడోదాని వెనక ఎర్త్ వైరే ఉండదు! ఎలక్ట్రీషియన్‌తో ముందే పరీక్ష చేయించండి. మీటరు తీసుకున్నప్పుడు రాయించిన లోడు చాలకపోతే విద్యుత్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

పైఅంతస్తులో ఉండేవారు డాబాకు తెల్ల కూల్ పెయింటో, సున్నమో వేయించాకే ఏసీ సంగతి ఆలోచించడం మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ కిటుకును నమ్మే. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా గదిలోకి వదులుతుంటే, పాపం ఏసీ మాత్రం ఎంతని తోడుతుంది? వెంటిలేటర్లు, తలుపు కింది సందులు మూయించడం ఎలాగూ తప్పదు.

బిగించడం అయ్యాక, కుర్రాడికి మజ్జిగ ఇచ్చి కాసేపు ఆపండి. లోపలి యూనిట్ ట్రేలో గ్లాసుడు నీళ్లు పోయమనండి. అవి పైపులోంచి బయటికి పోతున్నాయో, గోడమీదికి కారుతున్నాయో చూసుకున్నాకే అతని కాగితం మీద సంతకం పెట్టండి.